ఏ కంపెనీ గొట్టం కొనాలి?

వెయ్యి గజాల రైఫిల్ పోటీలకి వెళ్ళేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, కాసేపు గాలి గురించి మాట్లాడుకుంటారు, కాసేపు ఎండ గురించి, ఇహ ఆ తరవాత పొద్దుగూకే దాకా బ్యారెళ్ళ గురించే. ఫలానా కంపెనీ గొట్టం ముందు మిగతావన్నీ దిగదుడుపేనంటాడు ఒకాయన. ఆ కంపెనీ పని పదేళ్ళ క్రితమే అయిపోయిందంటాడు ఇంకొకాయన. సినిమా హీరోల అభిమానులకి వీళ్ళేమీ తీసిపోరు. ఈ గోల వినీ వినీ నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. మొదటి వరసలో ఉన్న తయారీదారుల మధ్య తేడా మనలాంటివాళ్ళు కొలవగలిగినంత పెద్దది కాదు. కొలవలేని తేడా కోసం నెలల తరబడి ఎదురుచూడటం, ఒక సీజను పోగొట్టుకోవడం శుద్ధ దండగ.

ముందు ఈ ఆట సంగతి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. నేలమీద బోర్లా పడుకుని అంత దూరాన ఉన్న అట్ట మీద కొట్టాలి. నేను ఆడేది ఎఫ్-క్లాస్ అనే పద్ధతి. 1990లలో కెనడాకి చెందిన జార్జ్ ఫార్కర్సన్ మొదలుపెట్టాడు. చూపు తగ్గిన పెద్దవాళ్ళు కూడా ఆడగలిగేలా టెలిస్కోపు, ముందువైపు ఆసరా వాడుకోనిస్తారు. అలా తేలిక చేసినందుకు బదులుగా గురి వలయాలు సగానికి కుదించారు. పదికి పది మార్కులిచ్చే వలయం అడ్డుకొలత 10 అంగుళాలు. దాని లోపల ఎక్స్ అనే వలయం 5 అంగుళాలు. అంటే ఇంచుమించు కిలోమీటరు దూరాన ఉన్న టిఫిను ప్లేటుని కొట్టాలనమాట, అదీ వరసగా ఇరవైసార్లు.

తుపాకీ అనగానే మొహం చిట్లించే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. ఈ దేశంలో రోజూ వార్తలు చూస్తుంటే వాళ్ళని తప్పుపట్టలేను. ఐతే హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచినప్పుడు వాళ్ళే చప్పట్లు కొట్టారు. ఆయన ఆడింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, మాది వెయ్యి గజాలు. దూరం వేరు గానీ ఊపిరి బిగబట్టి ట్రిగ్గరు నొక్కే ఆ అరసెకను మటుకు ఒకటే.

ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిని ఎవరో చెప్పారని నమ్మకుండా వకీలుని అడిగి తెలుసుకోండి. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఈ ఆటలో దిగాను (మా ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి నాకు ఆ కార్డు మా స్నేహితులందరికంటే ముందే వచ్చింది). అన్నట్టు, విడి బ్యారెల్‌ని ఇక్కడి ఫెడరల్ చట్టం తుపాకీగా లెక్కించదు. తుపాకీ అంటే రిసీవరు. అందుకని చాలా రాష్ట్రాల్లో బ్యారెల్ నేరుగా ఇంటికే వచ్చేస్తుంది. అలాగని ఇండియా వెళ్ళేటప్పుడు ఎవరికో ఇద్దామని పెట్టెలో పెట్టుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. ఇటు ఎగుమతికి అనుమతి కావాలి, అటు మన ఆయుధాల చట్టం కాచుకుని ఉంటుంది.

సరే, అసలు విషయానికొస్తాను.

మరమేకుకి బయటివైపు ఉండే మర, రైఫిలు గొట్టానికి లోపలివైపు ఉంటుందనుకోండి. ఆ మెలికల వెంట జారడం వల్ల గుండు బొంగరంలా గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. తిరిగే బొంగరం నిటారుగా నిలబడ్డట్టే తిరిగే గుండు ముక్కు సూటిగా పోతుంది. ఈ మెలికలు పెట్టడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది కోత. కొక్కెం లాంటి చిన్న పనిముట్టుని గొట్టంలోంచి లాగుతూ, ఒక్కో విడతకి అంగుళంలో పదివేలో వంతు చొప్పున లోహాన్ని గీకుతారు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదది. వందలసార్లు లాగితే తప్ప ఒక గొట్టం పూర్తవదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్రీగర్, బార్ట్‌లైన్, బ్రక్స్ ఈ పద్ధతిలో పేరుమోసినవి. బూట్స్ ఓబర్‌మయర్ అనే పెద్దాయన కూడా ఆ రాష్ట్రంవాడే. ఇవాళ అందరూ 5ఆర్ అని చెప్పుకునే అయిదు గాళ్ళ నమూనాని ఇక్కడ ప్రచారంలోకి తెచ్చింది ఆయనే.

రెండోది బటన్ పద్ధతి. మెలికలు చెక్కిన గట్టి కార్బైడ్ గుండీని గొట్టంలోకి బలంగా నెట్టడమో లాగడమో చేస్తారు. ఇందులో లోహం తెగదు, పక్కకి ఒత్తుకుని గాడి అవుతుంది. పని నిమిషాల్లో అయిపోతుంది గానీ ఉక్కు లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. దాన్ని కొలిమిలో వేడిచేసి పోగొట్టాలి. మోంటానాలోని లిల్యా, టెక్సాస్‌లోని షైలెన్, న్యూయార్క్ రాష్ట్రంలోని హార్ట్ ఈ కోవలోవి. మూడోది, మెలికలున్న కడ్డీ చుట్టూ గొట్టాన్ని సుత్తులతో సాగగొట్టే పద్ధతి. రూగర్, సాకో లాంటి పెద్ద ఫ్యాక్టరీలు వాడేది ఇదే.

కోత బ్యారెల్ గొప్పదా, బటన్ బ్యారెల్ గొప్పదా అనేది మా ఆటలో ఎప్పటికీ తెగని పంచాయతీ. రెండిటితోనూ జాతీయ పోటీలు గెలిచినవాళ్ళున్నారు. రెండు పక్షాలవాళ్ళూ చివర్లో సీసపు ముద్దకి సానపొడి రాసి, గొట్టం లోపల చేత్తో తోముతారు. నన్నడిగితే, ఈ చేతి సానే అసలు గుట్టు. ఫ్యాక్టరీ గొట్టానికీ ఈ గొట్టాలకీ మధ్య తేడా నిజంగానే ఉంది, కళ్ళకి కనిపిస్తుంది కూడా. దానికి డబ్బు పెట్టండి, నేను వద్దనను. చేతి సాన పట్టిన మంచి గొట్టాల్లో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా దగ్గరే నా పేచీ అంతా.

తమ కంపెనీయే గొప్పదని వాదించేవాళ్ళు చూపించే ఆధారాలు రెండు. ఒకటి, వాళ్ళ లక్ష్యపు అట్ట. "చూడు, అయిదు తూటాలూ ఒకే కన్నంలో దూరాయి!" అంటారు. రెండోది విజేతల జాబితా. "మొదటి పదిమందిలో ఆరుగురు ఈ కంపెనీవే వాడారు" అంటారు.

మొదటిదాని సంగతి చూద్దాం. అదే రైఫిలు, అదే మందు, అదే మనిషి. అయిదేసి తూటాల గ్రూపులు వరసగా కొడుతూ పోతే, ఒక్కో గ్రూపు వెడల్పు సగటు నుంచి అటూ ఇటూ పాతిక శాతం పైచిలుకు మారుతుంది. ఇది లోపం వల్ల వచ్చే మార్పు కాదు, అయిదే తూటాలు కాబట్టి వచ్చే మార్పు. సగటు అర అంగుళమైన గొట్టం ఒకసారి 0.37 ఇస్తుంది, ఇంకోసారి 0.63 ఇస్తుంది, రెండూ మామూలే. 0.37 వచ్చిన అట్టని పర్సులో పెట్టుకుంటాం, 0.63 వచ్చినదాన్ని చెత్తబుట్టలో వేస్తాం. పర్సులోని అట్ట చూసి గొట్టానికి విలువ కట్టడం, పెళ్ళిచూపుల ఫొటో చూసి సంసారానికి విలువ కట్టడం లాంటిది.

ఒక గొట్టం ఇంకోదానికంటే పది శాతం మెరుగని నమ్మకంగా చెప్పాలంటే ఎన్ని గ్రూపులు కొట్టాలో లెక్కేశాను. గణాంకశాస్త్రంలో అందరూ వాడే మామూలు కొలమానం ప్రకారం, ఒక్కో గొట్టంతో సుమారు 114 గ్రూపులు కొట్టాలి. అంటే ఒక్కోదానికి 570 తూటాలు. ఇప్పుడు చాలామంది వాడుతున్న 6.5 క్రీడ్‌మోర్ గొట్టం గురి చెడకుండా ఇంచుమించు 2500 తూటాల దాకా పనిచేస్తుంది. ఏది మంచిదో తేల్చుకునే సరికే గొట్టం ఆయుష్షులో అయిదో వంతుకు పైగా హరించుకుపోతుందన్నమాట. అప్పటికీ తేలేది ఈ గొట్టం మంచిదా, ఆ గొట్టం మంచిదా అని మాత్రమే. కంపెనీల్ని పోల్చాలంటే ఒక్కో కంపెనీవి డజనేసి గొట్టాలు కొని ఇదంతా చెయ్యాలి. అలా చేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇంకో అయిదేళ్ళు కన్సల్టింగు చేసినా నేను చెయ్యలేను.

ఇహ విజేతల జాబితా. మన ఊళ్ళో టీవీ పెడితే "ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు" అంటూ ఊపిరి సలపకుండా ర్యాంకులు చదివే కాలేజీ ప్రకటనలు గుర్తున్నాయి కదా? ఎన్ని ర్యాంకులొచ్చాయో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఎంతమంది చేరారో మాత్రం ఎప్పుడూ చెప్పరు. బ్యారెళ్ళ జాబితా కూడా అచ్చం అంతే. పోటీకొచ్చిన వందమందిలో అరవైమంది ఒకే కంపెనీ గొట్టం వాడితే, మొదటి పదిమందిలో ఆరుగురు దాన్నే వాడి ఉండటంలో వింతేముంది? ఆ కంపెనీ గెలిపించిందని గానీ ఓడించిందని గానీ దాన్నిబట్టి చెప్పలేం. పైగా పేరున్న ఆటగాళ్ళలో కొందరికి కంపెనీల నుంచి ఎంతో కొంత సాయం అందుతుంది. వాళ్ళని చూసి మరికొందరు కొంటారు. మరుసటేడు జాబితా ఇంకా బలంగా కనిపిస్తుంది.

"బెంచ్‌రెస్ట్ వాళ్ళ సంగతేమిటి మరి?" అని అడుగుతారు తెలిసినవాళ్ళు. మంచి ప్రశ్నే. బల్ల మీద రైఫిలు ఆనించి, దగ్గరి దూరంలో అంగుళంలో వందో వంతు కోసం పోటీపడే ఆట అది. వాళ్ళకి చిన్న తేడా కూడా పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళేం చేస్తారో గమనించండి. ఒకే కంపెనీ దగ్గర నాలుగైదు గొట్టాలు కొని, అన్నీ బిగించి చూసి, బాగా కొట్టేదాన్ని పెద్ద పోటీల కోసం దాచుకుంటారు. కంపెనీ పేరే అన్నీ తేల్చేదైతే నాలుగైదు ఎందుకు కొనడం? ఒకే అంగట్లోంచి వచ్చిన గొట్టాల మధ్యే అంత తేడా ఉందని వాళ్ళ చేతలే చెబుతున్నాయి.

ఈ వాదం ఇవాళ్టిది కూడా కాదు. 1874లో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మోర్ మైదానంలో అమెరికా, ఐర్లండు జట్లు 800, 900, 1000 గజాల్లో తలపడ్డాయి. ఐర్లండువాళ్ళవి రిగ్బీ చేసిన, మూతివైపు నుంచి మందు కూరే రైఫిళ్ళు. అమెరికావాళ్ళవి వెనకనుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్ళు. ఏ తయారీ గొప్పదో ఆరోజుతో తేలిపోతుందని జనం ఎగబడ్డారు. చివరికి 934-931 తేడాతో అమెరికా గెలిచింది. మూడే మూడు మార్కులు! ఐర్లండు ఆటగాడొకడు నడిమధ్య కొట్టాడు గానీ, కొట్టింది పక్కవాడి లక్ష్యాన్ని. దానికి సున్నా వేశారు. నడిమధ్య కొడితే ఆ రోజుల్లో 4 మార్కులు. అమెరికా తరఫున ఆఖరి తూటా పేల్చిన జాన్ బోడీన్ చేతిలో అంతకు కొద్దిసేపటి క్రితమే సీసా పగిలి రక్తం కారింది. చేతికి రుమాలు చుట్టుకునే గురి చూసి నడిమధ్య కొట్టాడు. ఆ పోటీతో ఏ గొట్టం గొప్పదో తేలిందని ఎలా అంటాం చెప్పండి?

వెయ్యి గజాల దగ్గర అసలు శత్రువు గాలి. 6.5 క్రీడ్‌మోర్ గుండుని గంటకి ఒక మైలు వేగంతో వీచే అడ్డగాలి ఇంచుమించు 6, 7 అంగుళాలు పక్కకి నెడుతుంది. పది మార్కుల వలయం వ్యాసార్ధం 5 అంగుళాలే. అంటే గాలిని అంచనా వెయ్యడంలో ఒక్క మైలు తేడా వస్తే చాలు, ఎంత గొప్ప గొట్టమైనా పది కాస్తా తొమ్మిదవుతుంది. గొట్టం గొప్పదవడం వల్ల కలిసొచ్చేది, కలిసొస్తే, వెయ్యి గజాల దగ్గర ఒక అంగుళం. ఓహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ మైదానముంది. 1907 నుంచి పోటీలు జరుగుతున్న చోటు. అక్కడ జెండాలు ఒకవైపు ఊగుతుంటే ఎండమావి ఇంకోవైపు పారుతుంటుంది. అలాంటి చోట నిలబడి గొట్టాన్ని తిట్టుకునేవాళ్ళని చూస్తే, ఆడలేనమ్మ మద్దెల ఓడందన్న మాటే గుర్తొస్తుంది.

మరి ఏ కంపెనీదైనా ఒకటేనా, కళ్ళు మూసుకుని కొనెయ్యమంటావా అంటే, అదీ కాదు. చూడాల్సినవి ఉన్నాయి, అవి వేరే.

మొదటిది, మీ గన్‌స్మిత్. ఖాళీ గొట్టం ఇంచుమించు నాలుగైదు వందల డాలర్లయితే, దానికి ఛాంబరు కోసి రిసీవరుకి బిగించే కూలీ దాదాపు అంతే పడుతుంది. బంగారు గొట్టాన్ని కూడా వంకర ఛాంబరు పాడుచేస్తుంది. ఆయన ఏ కంపెనీ గొట్టాలు ఎక్కువగా కోశాడో, వేటితో ఆయనకి చిక్కుల్లేవో అడగండి. బటన్ గొట్టాల బయటి ఆకారం బిగించేముందు మళ్ళీ తరిగితే లోపలి ఒత్తిడి సడలి రంధ్రం కాస్త వెడల్పయ్యే ప్రమాదముంది. కాబట్టి కావలసిన ఆకారంలో కంపెనీ దగ్గరే చేయించుకోవాలి.

రెండోది, మెలిక కొలత. పొడుగాటి గుండుకి బిగుతు మెలిక కావాలి. వూలిచ్‌లో పాఠాలు చెప్పిన ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ 1879లోనే దీనికొక సూత్రం ఇచ్చాడు. 2005లో డాన్ మిల్లర్ దాన్ని ఇవాళ్టి గుళ్ళకి తగ్గట్టు మార్చాడు. 6.5 మిల్లీమీటర్ల 140 గ్రెయిన్ల గుండుకి 8 అంగుళాలకొక చుట్టు కావాలి. అది వెంటనే దొరికే కంపెనీ, దొరకని గొప్ప కంపెనీ కంటే మేలు. చుట్టు పోనుపోనూ బిగుసుకునే మెలిక కావాలంటే అలాంటివి చేసే బార్ట్‌లైన్ లాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళక తప్పదు. అలాంటప్పుడు పేరు చూసి కొనడంలో అర్థముంది.

మూడోది, గడువు. మార్చిలో ఇస్తానని మార్చిలోనే ఇచ్చేవాడు కావాలి. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, సరుకులో తేడా వచ్చినప్పుడు ఎలా మాట్లాడతాడన్నది. నేను కొన్న గొట్టాల్లో ఒకదానికి మధ్యలో ఒకచోట రంధ్రం వదులుగా ఉందని మా గన్‌స్మిత్ బిగించకముందే కనిపెట్టాడు. ఫోన్ చేస్తే అవతలి మనిషి (పేరు అనవసరం) మొదట తుడవడం సరిగ్గా చేతకాలేదేమో అన్నాడు. ఆయన పైవాడు మాత్రం అదేరోజు ఫోన్ చేసి, వెనక్కి పంపండి, కొలిచి చూసి ఇంకోటి ఇస్తామన్నాడు, ఇచ్చాడు. విజేతల జాబితాలో ఆ కంపెనీ ఎన్నోదో నాకు పట్టదు, నేను మళ్ళీ అక్కడే కొన్నాను. మన ఊళ్ళో కంసాలిని ఎంచుకునే పద్ధతి కూడా ఇదే కదా. నగ తిరిగి తెస్తే మొహం చాటెయ్యనివాడి దగ్గరికే మన అమ్మలు మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు.

ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం చుట్టుపక్కల ఊళ్ళలో మూసల్లో కరగబెట్టిన ఉక్కు ఒకప్పుడు కత్తుల కోసం పారశీక దేశం దాకా వెళ్ళేది. అక్కడి వర్తకులు అంత దూరం నుంచి ఆ పల్లెకే వచ్చి కొనుక్కుపోయేవారని, 19వ శతాబ్దం మొదట్లో ఆ కొలుములు చూసిన హెన్రీ వాయిసీ రాశాడు. దమస్కు బజారులో పేరు విని కొనుక్కుంటే పోయేదానికి సముద్రం దాటి కొలిమి దగ్గరికి రావడమెందుకు? సరుకు చేసేవాడితో ముఖాముఖి మాట్లాడుకోవచ్చని కాబోలు.

చివరిగా నా సలహా. పేరున్న నాలుగైదు కంపెనీల్లో మీక్కావలసిన మెలిక, ఆకారం, సమయానికి ఇవ్వగలిగినవాడెవడో చూసి, ఒకటి కాదు, రెండు గొట్టాలు ఒకేసారి చెప్పండి. ఒకటి అరిగిపోయేసరికి రెండోది సిద్ధంగా ఉంటుంది, సీజను మధ్యలో చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. "ఇంకా గొప్ప" కంపెనీకోసం ఆగే నెలల్లో చేతిలో ఉన్నదాంతో వారానికి అరవై తూటాలు కాల్చి, ప్రతి తూటాకీ గాలి ఎంతనుకున్నారో, ఎంత అయిందో పుస్తకంలో రాసుకోండి. నేను విస్కాన్సిన్ కోత గొట్టమూ వాడాను, మోంటానా బటన్ గొట్టమూ వాడాను. నా పుస్తకంలో పోయిన మార్కుల్లో పదికి ఎనిమిది గాలి దగ్గర పోయాయి, మిగతావి ట్రిగ్గరు దగ్గర. గొట్టం ఖాతాలో రాయాల్సిన మార్కు ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. మీ పుస్తకంలో దొరికితే చెప్పండి, వినడానికి సిద్ధమే. కాకపోతే ఎన్ని తూటాలు కాల్చి ఆ మాట అంటున్నారో కూడా చెప్పాలి సుమా!